పలక తిప్పల మీద మళ్లీ తంగేడు

మార్కాపురం చుట్టుపక్కల నేలకు అడుగున ఉన్నది పలక రాయి. వంద కోట్ల ఏళ్లకు ముందే ఒక సముద్రం అడుగున పేరుకున్న సన్నటి బురద, తర్వాత భూమి పొరల ఒత్తిడికీ వేడికీ గట్టిపడి, రేకులు రేకులుగా చీలే గుణం తెచ్చుకుంది. భూగర్భ శాస్త్రంలో ఈ రాతి వరసకు కంభం ఊరి పేరే ఉంది. కడప, కర్నూలు రాతి శ్రేణులపై విలియం కింగ్ గ్రంథం 1872లో వెలువడినప్పటి నుంచీ ఆ పేరు నిలిచిపోయింది. తెలుగు పిల్లలు తరాల పాటు ఓనమాలు దిద్దిన రాతి పలకల్లో చాలావాటి పుట్టిల్లు ఈ నేలే. బడి పలక స్థానంలోకి నోటు పుస్తకం, ప్లాస్టిక్ పలక వచ్చాక గనులు మూతపడలేదు. నలుపు, బూడిద, ఊదా, ఆకుపచ్చ రంగుల్లో దొరికే ఈ రాయి ఇళ్ల గోడలకూ నేలలకూ పరిచే బండగా మారి విదేశాలకు చేరింది.

తవ్విన రాయంతా పలక కాదు. పైనున్న మెత్తటి పొర, అడ్డంగా పగిలినది, గీత పడినది, చీల్చేటప్పుడు విరిగినది అంతా గని అంచునే పడుతుంది. అమ్ముడుపోయేది తవ్విన దాంట్లో కొద్ది భాగమే. వేల్స్‌లో పేరుమోసిన పలక గనుల్లో సైతం తవ్విన దాంట్లో పదో వంతు కూడా సరుకు కాలేదు. యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఆ గనుల ప్రాంతంలో నేటికీ కళ్లకు కట్టేవి ఊళ్ల మీదికి ఒరిగినట్టుండే రాతి గుట్టలే. మార్కాపురం, తర్లుపాడు మండలాల్లో గనుల పక్కన పేరుకున్న తిప్పలూ ఆ జాతివే. తేడా అల్లా వానలో ఉంది. వేల్స్ కొండల్లో ఏడాది పొడవునా చినుకు పడుతుంది. పశ్చిమ ప్రకాశంలో కురిసేది ఏడాదికి 700 మిల్లీమీటర్ల అటూఇటూ. అదీ కొద్ది రోజుల్లో, పెద్ద పెద్ద జల్లులుగా పడిపోతుంది.

తిప్ప మీద గింజకు ఎదురయ్యేవి

కొత్త తిప్ప మీద మొక్క మొలవకపోవడానికి మొదటి కారణం విషం కాదు. బొగ్గు గనుల్లోనో గంధకం కలిసిన ఖనిజాల గనుల్లోనో మట్టి పుల్లబడి వేళ్లను చంపేస్తుంది. పలక రాయికి సాధారణంగా ఆ దుర్గుణం లేదు. ఇక్కడి కొరత మట్టిదే. తిప్పలో ఉన్నది పలకల ముక్కలు. ఒకదాని మీద ఒకటి వాలి, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వదులుతాయి. పడిన వాన ఆ సందుల్లోంచి నేరుగా అడుగుకు జారిపోతుంది. అరగంట వాన కురిసిన మర్నాటికే పై అడుగు పొడిగా ఉంటుంది. గింజ కూడా నీటితో పాటే జారి, వెలుతురు అందని లోతులో పడుతుంది. మొలిచినా పైకి రాలేదు.

రెండోది వేడి. ముదురు రంగు రాయి ఏప్రిల్, మే ఎండను పీల్చుకుని, మధ్యాహ్నానికి చేయి ఆనించలేనంత కాలుతుంది. నేలకు తగిలే చోట లేత కాండం కమిలిపోతుంది. మూడోది నత్రజని. రాయి అరిగితే పొటాష్, ఇనుము, మెగ్నీషియం కొంత వస్తాయి కానీ నత్రజని రాదు. అది ఆకులు కుళ్లడం వల్లనో, వేళ్ల బుడిపెల్లో బాక్టీరియా గాలి నుంచి పట్టి ఇవ్వడం వల్లనో చేరాలి. అడవి నేలలో చెట్ల వేళ్లకు భాస్వరం అందించే శిలీంధ్రాలూ ఉంటాయి. లోతు నుంచి తోడి పోసిన రాతిలో అవి ఉండవు. నాలుగోది వాలు. లారీ వెనక నుంచి వదులుగా పోసిన రాయి తనంతట తాను 35 నుంచి 38 డిగ్రీల వాలులో నిలుస్తుంది. నున్నటి పలక ముక్కలు ఆ వాలులో ఏ పశువు కాలు పెట్టినా కదులుతాయి. కదిలే నేల మీద వేరు నిలవదు. వాటి మధ్య నుంచి కొట్టుకుపోయే పొడి వాగుల్లో చేరుతుంది. గుండ్లకమ్మ పరీవాహకంలో ఇది చిన్న సంగతి కాదు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాన్ని సరిచేసినా మిగతా మూడు మొక్కను చంపుతాయి. గుంత తీసి, మొక్క పెట్టి, ఫొటో తీసుకుని వెళ్లిపోయే కార్యక్రమాలు తిప్పల మీద ఓడిపోయేది ఇందుకే.

ముందు ఉన్నదేమిటి

పశ్చిమ ప్రకాశం వెనక నల్లమల ఉంది. నల్లమల ఈ నేలకు ఆకురాల్చే అడవిని ఇచ్చింది. 1983లో పులుల అభయారణ్యమైన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి అంచులు దోర్నాల, యర్రగొండపాలెం దాకా దిగి వస్తాయి. ఎగువన నల్లమద్ది, చిరుమాను, యేగి, తునికి పెరుగుతాయి. రాతి వాలుల్లో అందుగు, గుంపెన, నారయేపి ఉంటాయి. గిద్దలూరు వైపు ఎర్రచందనం కూడా ఉంది. మైదానానికి దిగేకొద్దీ చెట్లు పొట్టిబడి పొదలవుతాయి. తంగేడు, బందారు, కలివి, బలుసు, రేగు, మంగ, వెలుతురు, బిల్లుడు, సండ్ర, బొమ్మజెముడు, వాటి మధ్య బోదగడ్డి కనిపిస్తాయి. పలక గనులున్న నేల ఎక్కువగా ఈ రెండో రకపు పొదల భూమి.

దీన్ని బీడు అని రాసుకోవడం రెవెన్యూ రికార్డుకు సరిపోతుందేమో కానీ మొక్కల లెక్కకు సరిపోదు. పొదల భూమి అడవిగా మారలేకపోయిన నేల కాదు. ఈ వానకూ ఈ రాతికీ అది తగిన రూపం. అడుగు లోతు కూడా మట్టి లేని రాతి మీద బందారు, తంగేడు ఏ ఎరువూ లేకుండా వేల ఏళ్లుగా బతుకుతున్నాయి. నారయేపి మొలక ఆకులు పెంచకముందే తల్లివేరును రాతి పగుళ్లలోకి లోతుగా దించుతుంది. అందుగు, గుంపెన నీటిని కాండంలో దాచుకుని ఆకులు రాల్చి ఎండాకాలం గడుపుతాయి. తిప్పను పచ్చగా చేయాలంటే ఎక్కడో వెతకనక్కర్లేదు. గని హద్దుకు అవతల, ఇంకా తవ్వని గుట్ట మీద ఏమున్నాయో రాసుకుంటే చాలు. ఏ మొక్క, ఏ వాలులో, దేని పక్కన అనే ఆ జాబితాయే పునరుద్ధరణకు నమూనా. ఆ గుట్ట కూడా లీజులోకి పోకముందే ఈ పని జరగాలి.

సర్కారు తుమ్మ సమస్య

తిప్పను వదిలేసినా ఏదో ఒకటి మొలుస్తుంది. ముందు జిల్లేడు, వెంపలి, కొన్ని గడ్డిపరకలు వస్తాయి. ఆ తర్వాత చాలాచోట్ల సర్కారు తుమ్మ వస్తుంది. మధ్య, దక్షిణ అమెరికాల చెట్టయిన ఈ ప్రొసోపిస్ జూలిఫ్లోరా గింజలను జమైకా నుంచి తెప్పించి 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో చల్లారు. వంటచెరకు కొరత తీర్చాలన్నది నాటి అటవీ అధికారుల ఆలోచన. ఆ కోరిక తీరింది కూడా. ఇవాళ్టికీ ఎన్నో పేద ఇళ్లలో పొయ్యి మండేది దీనితోనే, బొగ్గు కాల్చి బతికేవారూ ఉన్నారు. అందుకే దీన్ని ఒక్కసారిగా పీకేయాలని చెప్పడం న్యాయం కాదు.

అయినా దీన్నే పునరుద్ధరణగా చూపించడం తప్పు. సర్కారు తుమ్మ కింద ఇతర మొక్కల మొలకలు బాగా తగ్గిపోతాయి. నేల మీది తేమను, లోతు నీటిని రెంటినీ లాగుతుంది. నరికితే మోటు నుంచి పది కొమ్మలు వేస్తుంది. కాయలు తీయగా ఉంటాయి కనుక గొర్రెలు, మేకలు తిని పేడతో దూరదూరాలకు చేరుస్తాయి. తిప్ప ఒకసారి దీని చేతికి చిక్కితే బందారుకు, తంగేడుకు చోటు దొరకడం కష్టం. కాబట్టి స్థానిక మొక్కలు తిప్ప మీద నిలదొక్కుకునే మొదటి నాలుగైదేళ్లలో సర్కారు తుమ్మ మొలకలను వేళ్లతో సహా లాగేయాలి. చేతికి వచ్చే వయసులో అది సులువు. ముదిరాక యంత్రం కావాలి.

జోధ్‌పూర్‌లో ఇది చేసి చూపారు. మెహ్రాన్‌గఢ్ కోట పక్కన సుమారు 70 హెక్టార్ల అగ్నిపర్వత రాతి నేల పూర్తిగా సర్కారు తుమ్మతో నిండిపోయి ఉండేది. 2006లో ప్రకృతి రచయిత ప్రదీప్ క్రిషన్ ఆధ్వర్యంలో దాన్ని తొలగించి, ఎడారి రాతి మీద పెరిగే స్థానిక మొక్కలనే పెంచారు. రావ్ జోధా ఎడారి రాతి ఉద్యానంగా అది 2011లో ప్రజలకు తెరుచుకుంది. మందు చల్లినా, నరికినా చావని మోడులను పెకలించింది ఖండ్‌వాలియాలు అనే సంప్రదాయ రాతి గని కూలీలు. సుత్తితో తట్టి, వచ్చే చప్పుడును బట్టి రాయి ఎక్కడ చీలుతుందో పసిగట్టి, ఉలితో గుంత తీసి వేరును బయటికి లాగారు. ఆ గుంతల్లోనే కొత్త మొక్కలు నాటారు.

మార్కాపురానికి ఇందులో నేరుగా పనికొచ్చే పాఠముంది. పలక ఏ వాటంలో చీలుతుందో, ఏ పొర కింద తేమ నిలుస్తుందో, ఏ వాలు జారుతుందో గనిలో పనిచేసినవారికి తెలిసినంత ఏ నర్సరీ యజమానికీ తెలియదు. వేరు పోయే దారీ ఆ చీలికలే. గని మూసేటప్పుడు ముందుగా పని పోయేది వాళ్లకే. తిప్పను పచ్చగా చేసే పనిలో మొదటి కూలి వాళ్లకు దక్కాలి. దయతో ఇచ్చే పని కాదది, ఆ పనికి వాళ్ల నైపుణ్యం తప్పనిసరి.

చేయవలసిన వరస

మొదటి పని తవ్వకం మొదలైన రోజునే ఉంది. గని పైన తొలి జానెడు మట్టిని విడిగా తీసి దాచాలి. విత్తనాల్లో ఎక్కువ భాగం పై 5 నుంచి 10 సెంటీమీటర్లలోనే ఉంటాయి. శిలీంధ్రాలూ, నేలను పోషించే సూక్ష్మజీవులూ అక్కడివే. ఆ మట్టిని ఎత్తుగా కుప్ప పోసి ఏళ్ల తరబడి వదిలేస్తే లోపల గాలి ఆడక గింజలు చస్తాయి. పడమటి ఆస్ట్రేలియాలో జర్రా అడవుల కింద బాక్సైట్ తవ్వే చోట్ల ఒక గుంట మీద తీసిన పైమట్టిని పక్కనే తవ్వకం పూర్తయిన గుంట మీద వెంటనే పరచడం ఆనవాయితీ. అక్కడి మొక్కల జాతుల్లో చాలావాటిని తిరిగి రప్పించింది నాటడం కంటే ఈ పద్ధతే. పక్కపక్కనే గనులున్న మార్కాపురం నేలలో ఇది సాధ్యమైన పని. పైమట్టిని రోడ్లకూ ఇటుక బట్టీలకూ అమ్ముకుంటే మాత్రం తర్వాత ఎన్ని లక్షలు పెట్టినా అది తిరిగిరాదు.

పైమట్టి ఎప్పుడో పోయిన పాత తిప్పలకు వేరే దారి వెతకాలి. ముందు వాలు తగ్గించాలి. పర్యావరణ అనుమతుల షరతుల్లో సాధారణంగా కనిపించే హద్దు 28 డిగ్రీలు. ఎత్తైన తిప్పను మెట్లు మెట్లుగా చేసి, ప్రతి మెట్టునూ లోపలి వైపుకు కాస్త వంచితే వాన జారిపోకుండా ఆగుతుంది. పెద్ద పలకలను అంచున నిలువుగా పాతి చిన్న కట్టలు కడితే వెనక సన్న పొడి చేరుతుంది. ఇక్కడ పలక రాయే ఉపకరణం. తిప్ప అంతటా మట్టి పరచడం డబ్బు తగలేయడమే. మీటరు, మీటరున్నర దూరంలో గుంతలు తీసి, అడుగున రాతి పొడి, పైన చెరువు పూడిక మట్టి, పశువుల ఎరువు నింపితే చాలు. వేల్స్‌లో పెన్రిన్ పలక గుట్టల మీద బాంగర్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగాలూ ఇలాంటి నేలల్లో నత్రజని, నీటిని పట్టి ఉంచే పదార్థం ఎంత కీలకమో పరిశీలించాయి. అక్కడ తేలిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఎరువు మితి మీరితే గడ్డి, కలుపు విపరీతంగా పెరిగి, పేద నేలకు అలవాటుపడిన స్థానిక మొక్కలను అణిచేస్తాయి. ఈ నేలకు కావలసింది కొద్దిపాటి ఊతం మాత్రమే.

గొర్రెల మంద కట్టడం పశ్చిమ ప్రకాశం రైతుకు కొత్త కాదు. పంట లేని కాలంలో చేలో మందను రాత్రిళ్లు నిలిపితే పెంట నేలకు చేరుతుంది. తిప్ప మెట్ల మీద నాటడానికి ముందు వేసవిలో మందను కట్టడం అదే తర్కం. సర్కారు తుమ్మ కాయలు మేసిన మంద అయితే మాత్రం లాభం కంటే నష్టమే ఎక్కువ.

ఇక విత్తనాలు. మొక్కల కంటే విత్తనాలే ఎక్కువగా వాడాలి. నర్సరీ సంచిలో పెరిగిన నారయేపి వేరు సంచి అడుగున చుట్టుకుపోతుంది, రాతి సందులోకి దిగదు. నేరుగా గింజ వేస్తే లోతుకు పోతుంది. బందారు, తంగేడు, సండ్ర గింజల పైతొడుగు గట్టిది. వేడి నీళ్లలో వేసి తీసి చల్లితే మొలక శాతం బాగా పెరుగుతుంది. వెంపలి వేళ్లలో నత్రజని కూడుతుంది. వెలుతురు, సండ్ర, కానుగలదీ అదే గుణం. తంగేడు చిక్కుడు కుటుంబపు మొక్కే అయినా నత్రజని పట్టే వేరు బుడిపెలు దానికి ఉండవు. అందుచేత తొలి వరసలో వెంపలి, వెలుతురు తప్పక ఉండాలి. తొలకరికి కాస్త ముందు, జూన్ మొదట్లో చల్లితే నైరుతి వానలకు మొలిచి, అక్టోబరు, నవంబరు ఈశాన్య వానలకు నిలదొక్కుకుంటాయి. అందుగు, గుంపెన కొమ్మలు నాటితే వేళ్లూనుతాయి. కలివి, బలుసు, తునికి, వెలగలను రెండు మూడేళ్ల తర్వాత, పొదల నీడ కాస్త పడ్డాక వేయడం మేలు.

గింజ ఎక్కడిదన్నదీ ముఖ్యమే. వేరే రాష్ట్రంలో కోసిన తంగేడు గింజ పేరుకు తంగేడే కానీ ఈ ఎండకు రాటుదేలినది కాదు. దోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు వైపు గూడేల్లోని చెంచులకు ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో, ఏ కాయ పండాక కోయాలో చెప్పాల్సిన పని లేదు. అభయారణ్యపు కీలక ప్రాంతంలో సేకరణకు ఆంక్షలున్నాయి కాబట్టి, అటవీ శాఖ అనుమతించిన అంచు అడవుల నుంచి వాళ్ల చేత విత్తనాలు సేకరింపజేసి గిట్టుబాటు ధర ఇవ్వడం ఆచరణకు దగ్గరి మార్గం. రేగు సంక్రాంతికి, నారయేపి వేసవికి పండుతాయి. ఏడాదంతా సేకరణ సాగితేనే జూన్‌కు గింజ సిద్ధంగా ఉంటుంది.

మేత, మంట, పిట్టలు

నాటిన తర్వాత అన్నిటికంటే పెద్ద ఖర్చు కాపలా. మేకను రెండు మూడేళ్లు ఆపగలిగితే పొద తనను తాను కాపాడుకుంటుంది. ముళ్లకంచె కంటే ఊరితో ఒప్పందం గట్టిది. తిప్పలో ఒక భాగం మూసి, ఒక భాగం మేతకు వదిలి, గడ్డి కోసుకుపోయే హక్కు ఊరికే ఇస్తే గొడవ తగ్గుతుంది. శ్రీ సత్యసాయి జిల్లాలోని కల్పవల్లిలో టింబక్టు కలెక్టివ్ సంస్థ, ఊళ్ల ప్రజలు కలిసి 1990ల నుంచి వేల ఎకరాల బోడి గుట్టలను తిరిగి పచ్చగా చేసింది ప్రధానంగా మంటను, మేతను అదుపు చేయడం ద్వారానే. ఆ వైపు వాన మార్కాపురం కంటే తక్కువ. అక్కడ వచ్చిన పచ్చదనం ఇక్కడ రాకపోవడానికి వానను సాకుగా చూపలేం.

పొదలు మోకాలెత్తు లేచాక పని పిట్టల చేతిలోకి పోతుంది. పిగిలిపిట్ట బలుసు, కలివి పండ్లు తిని పొద మీద కూర్చున్న చోటే గింజ వేస్తుంది. ఎలుగుబంటి రేగు, తునికి, రేల గింజలను మోసుకొస్తుంది. రాతి మీద మర్రి, రావి, జువ్వి మొలిచేది పిట్టలు వేసిన గింజల నుంచే. అందుకే మధ్య మధ్య ఎండు కొమ్మలు పాతి పిట్టలు వాలేందుకు చోటు కల్పించడం ఖర్చులేని మంచి పని.

తవ్విన గుంటల సంగతి వేరు. చాలావాటిలో వాననీరు నిలుస్తుంది. నిటారు గోడల గుంటలు పిల్లలకూ పశువులకూ ప్రమాదం కాబట్టి ఒక వైపున వాలు తీసి, మిగతా వైపు కంచె వేయాలి. ఫ్లోరైడ్ నీళ్లతో విసిగిన పశ్చిమ ప్రకాశంలో నేలలోకి ఇంకే నీటికి విలువ ఎక్కువే.

చట్టం ఎవరి భుజాన పెట్టింది

పలక రాయి ఒకప్పుడు ప్రధాన ఖనిజం. 2015 ఫిబ్రవరి 10న కేంద్రం 31 ఖనిజాలను చిన్న తరహా ఖనిజాల జాబితాలోకి మార్చినప్పుడు అందులో పలక రాయి కూడా చేరింది. అప్పటి నుంచి నిబంధనలు రాష్ట్రం చేతిలోకి వచ్చాయి. 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకు సైతం పర్యావరణ అనుమతి కావాలని సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. 2020 జనవరి 8న అదే కోర్టు నుంచి ఇంకా స్పష్టమైన ఉత్తర్వు వచ్చింది. తవ్వకం ముగిశాక లీజుదారు ఆ నేలలో, తవ్వకం వల్ల చెడిన చుట్టుపక్కల నేలలో మళ్లీ గడ్డి పెంచి, మేతకూ మొక్కలకూ జంతువులకూ పనికొచ్చే స్థితికి తేవాలన్నది అందులోని ఆదేశం. ఆ షరతును అనుమతి పత్రాల్లో రాయాలని కేంద్ర పర్యావరణ శాఖ అదే నెల 16న సూచించింది.

కష్టమంతా అమలులో ఉంది. చిన్న చిన్న లీజుల తిప్పలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాక ఏ రాయి ఎవరిదో తేల్చలేరు. అందుకే ఒక్కో లీజుకు ఒక్కో ప్రణాళిక కాకుండా, ఒక గనుల గుంపు మొత్తానికి ఒకే ప్రణాళిక, ఒకే విత్తన నిల్వ, ఒకే కాపలా ఉండాలి. లీజుదారు ఎవరో తెలియని పాత తిప్పలకు 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఉంది. దాని ఖర్చుకు నిర్దేశించిన అధిక ప్రాధాన్య రంగాల్లో పర్యావరణ పరిరక్షణ ఒకటి.

లెక్క ఎలా చూడాలి

ఎన్ని మొక్కలు నాటారన్నది ఈ పనికి కొలత కాదు. మూడో వేసవి దాటాక ఎన్ని బతికాయో చూడాలి. ఐదో ఏట నాటని జాతులు ఎన్ని వచ్చాయి, వాటిలో స్థానికమైనవెన్ని, సర్కారు తుమ్మ ఎంత మేరకు ఉందో లెక్క తీయాలి. పక్కనున్న తవ్వని గుట్ట మీద తయారైన జాబితాతో ఈ లెక్కను పోల్చి చూడాలి. ఒకప్పుడు రాతి తవ్వకాలు సాగిన గురుగ్రామ్‌లోని ఆరావళి జీవవైవిధ్య ఉద్యానంలో 2010 నుంచి స్థానిక ఆరావళి అడవి జాతులనే పెంచుతూ వచ్చారు. సుమారు 390 ఎకరాల ఆ నేల 2022లో అభయారణ్యాల వెలుపల జీవవైవిధ్యాన్ని కాపాడే ప్రాంతంగా దేశంలోనే మొదటి గుర్తింపు పొందింది. అలాంటి ఫలితానికి ఓపిక కావాలి. పొద కనిపించడానికి మూడు నాలుగేళ్లు, పొద కింద మట్టి రంగు మారడానికి పదేళ్లు, నారయేపి, చిరుమాను లాంటి చెట్లు గింజ రాల్చే వయసుకు రావడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. లీజు గడువు కంటే ఇది పొడవైన కాలం కాబట్టి కాపలా బాధ్యత, దానికి కావలసిన డబ్బు లీజుతో పాటు ముగిసిపోకుండా ముందే పంచాయతీ పేరనో వన సంరక్షణ సమితి పేరనో రాసి ఉంచాలి.